ఐదున్నర సెంట్ల ఆటస్థలం

మిరపకాయ ఎర్రబడి కోతకొచ్చేసరికి మా వైపు రైతు ముందుగా చేసే పని కల్లం సిద్ధం చేసుకోవడం. చేను పక్కనో, ఊరి చివర బీటిలోనో నాలుగు సెంట్ల జాగా చూసి, రాళ్లు ఏరి, గడ్డి చెక్కి, నీళ్లు చల్లి దిమ్మిస కొడతాడు. నేల గట్టిగా ఉండాలి, నున్నగా ఉండాలి, అకాల వాన పడితే నీరు నిలవకుండా ఒక పక్కకి జారిపోవాలి. అందుకే కంటికి కనిపించనంత వాలు పెడతాడు. పనంతా అయ్యాక వెళ్లి చూస్తే అక్కడేమీ ఉండదు. ఆ ఖాళీ కోసమే అంత కష్టం.

ఆటస్థలం కూడా కల్లం లాంటిదే. గుడి పాడైతే గర్భగుడి చూసి తిరిగి కట్టొచ్చు. కోట కూలితే గోడలు లేపొచ్చు. ఆటస్థలంలో కాపాడవలసింది మాత్రం ఖాళీని: ఆ కొలత, ఆ వాలు, చుట్టూ కూర్చున్నవాళ్ల చూపు అడ్డం లేకుండా పడే ఆ నడిమి చోటు. ఊటీలోనూ కొడైకెనాల్‌లోనూ కొండల మీద ఇంగ్లీషువాళ్ల నాటి గోల్ఫ్ మైదానాలున్నాయి. అలాంటివాటిని పాత రూపానికి తేవాలంటే ముందు చూసుకోవలసింది భవనాన్ని కాదు, గడ్డినీ, నేల వాలునూ, వాన నీటి దారినీ.

అలాంటి పని మన దగ్గర ఇంకా పాత ఆటస్థలానికి, ఇంకా కష్టమైన పరిస్థితుల్లో జరిగింది. దాని వయసు సుమారు 1700 ఏళ్లు. అది కృష్ణ ఒడ్డున లోయలో ఉండేది. లోయ మునిగిపోతుందని తెలిసి, దాన్ని రాయి రాయి విప్పి ఎత్తు మీదికి చేర్చి మళ్లీ అమర్చారు. ఆ చోటు పేరు అనుపు. అప్పుడది గుంటూరు జిల్లా, ఇప్పుడు పల్నాడు జిల్లా. లోయను ముంచిన నీళ్లే నాగార్జునసాగర్ కుడికాలువ వెంట వచ్చి మన పత్తికీ మిరపకీ పారుతున్నాయి. కాబట్టి ఈ కథ మన పొలం గట్టు మీద నుంచి చెప్పుకోవలసిన కథ.

మూడు పక్కల కొండలు, నాలుగో పక్క కృష్ణ

నాగార్జునకొండ లోయ విస్తీర్ణం సుమారు 23 చదరపు కిలోమీటర్లు. మూడు వైపులా నల్లమల కొండల పాయలు, నాలుగో వైపు కృష్ణ. పెట్టని కోట అంటే అదే. శాతవాహనుల తరువాత క్రీస్తు శకం మూడో శతాబ్దంలో ఇక్ష్వాకులు ఇక్కడ విజయపురి పేరుతో రాజధాని కట్టుకున్నారు. వాసిష్ఠీపుత్ర శాంతమూలుడు, అతని కొడుకు వీరపురుషదత్తుడు, మనుమడు ఎహువుల శాంతమూలుడు, ఆ తరువాత రుద్రపురుషదత్తుడు పాలించారు. సుమారు వందేళ్ల వైభవం.

రాజులు యజ్ఞాలు చేశారు. రాణులు, రాజు అక్కచెల్లెళ్లు బౌద్ధ స్తూపాలు కట్టించారు. సింహళ భిక్షువుల కోసం ఒక విహారం వెలిసింది. సేనాపతి ఎలిశ్రీ సర్వదేవుడికి గుడి కట్టించాడు. రోము బంగారు నాణేలు కూడా ఈ మట్టిలో దొరికాయి. అంటే ఈ లోయ సముద్రాలకు అవతలి వ్యాపారం రుచి చూసిన ఊరు.

తరువాత అంతా మట్టి కప్పేసింది. కొండ మీద మధ్యయుగాల్లో ఒక కోట లేచింది. కింద లోయలో చిన్న చిన్న ఊళ్లు, జొన్న చేలు మిగిలాయి. 1926లో మాచర్ల ఉపాధ్యాయుడు సూరపరాజు వెంకటరామయ్య ఇక్కడ పాత రాతిస్తంభం ఉందని కబురు చేస్తే, మద్రాసు శాసన విభాగం నుంచి రంగస్వామి సరస్వతి వచ్చి చూశారు. ఒక బడిపంతులు శ్రద్ధ వల్ల ఒక రాజధాని బయటపడింది. 1927 నుంచి 1931 వరకు లాంగ్‌హర్స్ట్, 1938లో టి.ఎన్. రామచంద్రన్ తవ్వకాలు సాగించారు. తొందరేమీ లేదు. మట్టి కింద ఉన్నది ఎక్కడికీ పోదని అందరూ అనుకున్నారు.

గడువు పెట్టిన నది

నందికొండ దగ్గర కృష్ణకు అడ్డంగా ఆనకట్ట కట్టాలని ముక్త్యాల రాజా వంటివాళ్లు పట్టుబట్టి సాధించారు. 1955 డిసెంబరు 10న ప్రధాని నెహ్రూ శంకుస్థాపన చేశారు. నాగార్జునసాగర్ అనే పేరు ఈ లోయ పేరే. 124 మీటర్ల ఎత్తున రాతితో కట్టిన ఆ గోడ వెనక నీరు నిలిస్తే ముందు మునిగేది విజయపురి.

పొలానికి నీళ్లా, పూర్వీకుల ఊరా? పల్నాడు, వినుకొండ, నరసరావుపేట, దర్శి, మార్కాపురం వైపు మెట్టలో ఒక్క వాన తప్పితే పంటా తప్పేది. జొన్న, కొర్ర, ఆముదం వేసుకుని మేఘం వైపు చూసే నేల అది. ఆ రైతుకు నీళ్లు వద్దని ఎవరనగలరు? రెండూ కావాలనుకోవడంలోనే ఆనాటివాళ్ల గొప్పతనం ఉంది. నీళ్లు వస్తాయి. వచ్చేలోగా లోయ మొత్తాన్ని చదివి, పట్టుకెళ్లగలిగింది పట్టుకెళ్లాలి. ఆ పనికి కేంద్ర పురావస్తు శాఖ ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో ఒక ప్రత్యేక బృందాన్ని పెట్టింది. 1954 నుంచి 1960 దాకా తవ్వకం సాగింది.

మామూలుగా పురావస్తు తవ్వకం అంటే ఒక దిబ్బ ఎంచుకుని కొన్ని గుంటలు తీసి, మిగిలింది రాబోయే తరానికి వదిలేయడం. తరువాతివాళ్లకు మెరుగైన పరికరాలు ఉంటాయి కదా అని. ఇక్కడ రాబోయే తరానికి వదలడానికి ఏమీ మిగలదు. అందుకని లోయను గళ్లు గళ్లుగా విభజించారు. కనిపించిన ప్రతి దిబ్బకీ ఒక సంఖ్య ఇచ్చారు. ఒక్కో గుంట పక్క గోడను నిట్టనిలువుగా చెక్కి, మట్టి పొరలు ఎక్కడ రంగు మారాయో గీసుకున్నారు. పై పొర కొత్తది, కింది పొర పాతది. మట్టిని కాలంగా చదివే పద్ధతి అంతా ఈ చిన్న సూత్రం మీదే నడుస్తుంది. అలా చదివితే రాతియుగపు పనిముట్లు, కొత్త రాతియుగం మనుషుల సమాధులు, పెద్ద బండలతో పేర్చిన సమాధులు, ఇక్ష్వాకుల నగరం, మధ్యయుగాల గుళ్లు వరసగా బయటపడ్డాయి. ఈజిప్టులో అబూ సింబెల్ గుళ్లను కాపాడమని యునెస్కో ప్రపంచానికి పిలుపునిచ్చింది 1960 మార్చిలో. అప్పటికి మనవాళ్లు ఈ లోయ తవ్వకం ముగించే దశకు వచ్చారు.

కోనేరా, ఆటస్థలమా?

ఆ తవ్వకంలో మట్టి తొలగిస్తుండగా మెట్లు కనిపించాయి. దీర్ఘచతురస్రంగా ఒక నేల, దానికి నాలుగు పక్కలా కిందికి దిగే మెట్ల వరసలు. ఇటుకతో కట్టి, పైన సున్నపురాతి పలకలు పరిచారు. తెలుగువాడి కంటికి అలాంటిది కనిపిస్తే మొదట తోచేది కోనేరు. ఈ లోయలోనే నాలుగు పక్కలా మెట్లున్న తొట్టెలు, నది ఒడ్డున స్నానఘట్టం ఉన్నాయి. మరి ఇది నీళ్ల కోసం కట్టింది కాదని ఎలా చెప్పగలం?

దీనికి జవాబు కల్లం చేసిన రైతుకు తెలుసు. నీరు ఎటు పోవాలని కట్టారో చూడాలి. కోనేటికి నీరు లోపలికి వచ్చే దారి ఉంటుంది, అడుగు నుంచి ఇంకిపోకుండా జాగ్రత్త ఉంటుంది. ఇక్కడ ఉన్నది నేల మీద పడ్డ వాన నీరు బయటికి పోయే కాలువ. వాన వెలిశాక నేల త్వరగా ఆరాలి, మళ్లీ వాడుకోవాలి అనుకున్నవాళ్ల ఏర్పాటు అది. మెట్లు కూడా కిందికి దిగి నీళ్లు ముంచుకోవడానికి కాదు, కూర్చోవడానికి.

ఇక కొలత చూడండి. నడిమి నేల పొడవు 16.46 మీటర్లు, వెడల్పు 13.72 మీటర్లు. ఈ అంకెలు వింతగా ఉన్నాయి కదా. అడుగుల్లోకి మారిస్తే 54కు 45. అంటే ఆరుకు ఐదు నిష్పత్తి. మన లెక్కలో చెప్పాలంటే 270 గజాలు, ఐదున్నర సెంట్లు. గుంటూరులో ఒక మోస్తరు ఇంటి స్థలం.

ఇప్పుడు ఇంకో కొలత. ఈనాటి పురుషుల కబడ్డీ కోర్టు 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. దాన్ని ఈ నేల మధ్యలో గీస్తే నాలుగు పక్కలా ఇంచుమించు 1.8 మీటర్ల జాగా మిగులుతుంది. ఒక మనిషి దొర్లిపడినా రాయి తగలకుండా సరిపోయేంత. ఆనాడు అక్కడ కబడ్డీ ఆడారని దీని అర్థం కాదు. మనిషి కాలు ఎంత వేగంగా పరుగెత్తుతుంది, ఇద్దరు తలపడితే ఎంత జాగా కావాలి, చూసేవాడికి ముఖకవళికలు ఎంత దూరం దాకా కనిపిస్తాయి అన్న లెక్కలు 1700 ఏళ్లలో మారలేదు. మల్లయుద్ధానికైనా, నృత్యానికైనా, వాదానికైనా, వాద్యానికైనా ఆ కొలత పనికొస్తుంది.

రోములోని కలోసియం ఆటనేల సుమారు 83 మీటర్ల పొడవు, 48 మీటర్ల వెడల్పు. వేలాది జనం, మృగాలు, యుద్ధాలు. ఆ లెక్కన మనది చిన్న ముంగిలి. రోము నాణేలు దొరికిన ఊరు కాబట్టి ఈ కట్టడానికి ప్రేరణ కూడా అటునుంచే వచ్చిందని కొందరు పండితులు అనుకున్నారు. కానీ మన కోనేటి మెట్లను ఒకసారి తలుచుకోండి. నాలుగు పక్కలా మెట్లు దించి మధ్యలో ఖాళీ వదలడం ఈ గడ్డకు పరిచయమైన పనే. ఆ మధ్యలో నీరు ఉంటే కోనేరు, మనుషులు ఉంటే ఆటస్థలం. ఊహ ఎక్కడిదైనా, కట్టిన చేతులు ఇక్కడివే.

ఈ ఆటస్థలాన్ని ఆనుకుని పైన హారీతి గుడి ఉంది. హారీతి ఒకప్పుడు పిల్లల్ని ఎత్తుకుపోయే యక్షిణి అనీ, బుద్ధుడు ఆమె కళ్లు తెరిపించాక పిల్లల్ని కాచే తల్లి అయిందనీ బౌద్ధ కథ. మన ఊళ్లలో పోలేరమ్మకు ఆటలమ్మ వచ్చిన పిల్లల్ని అప్పగించినట్టు ఆనాటి తల్లులు హారీతికి మొక్కుకున్నారు. పిల్లల్ని కాచే అమ్మ గుడి ముందు ఆటస్థలం ఉండటం నా మనసుకు చాలా దగ్గరగా తోచే సంగతి.

ఒక ఇటుక, ఒక పలక

కట్టడాన్ని తరలించాలంటే ముందు అది దేనితో తయారైందో తెలియాలి. ఇక్ష్వాకుల ఇటుకను చేత్తో పట్టుకుంటే ఆశ్చర్యం వేస్తుంది. పొడవు 20 అంగుళాలు, వెడల్పు 10, మందం 3. ఒక చేత్తో ఎత్తేది కాదు. బరువు లెక్కకడితే 15 కిలోలు దాటుతుంది. మన ఈనాటి ఇటుకలు నాలుగైదు పెడితే గానీ దాని పెట్టు కావు.

అయితే ఇంత మారిన ఇటుకలో ఒక్క కొలత మాత్రం పెద్దగా మారలేదు. అది మందం. అప్పుడూ మూడు అంగుళాలే, ఇప్పుడూ అటూ ఇటుగా అంతే. పచ్చి ఇటుక ఆరాలంటే లోపలి తడి పైకి రావాలి. కాలాలంటే బయటి వేడి లోపలికి చేరాలి. రెండూ ప్రయాణించేది అతి దగ్గరి దారిలో, అంటే మందం గుండా. మందం పెరిగితే పైన ఎండి లోపల పచ్చిగా ఉండి పగుళ్లిస్తుంది, బట్టీలో నడిమి భాగం కాలదు. పొడవు, వెడల్పు రాజుల కాలాన్ని బట్టి మారాయి. మందాన్ని మట్టి, నిప్పు కలిసి నిర్ణయించాయి.

పైన పరిచిన పలకలు పల్నాటి సున్నపురాయి. మాచర్ల, పిడుగురాళ్ల వైపు ఇళ్లలో నాపరాళ్లు పరిచి ఉంటాయే, ఆ కుటుంబమే. భూమి మీద చేపా చెట్టూ పుట్టకముందు ఇక్కడ లోతు లేని సముద్రం ఉండేది. దాని అడుగున సున్నం బురద పొరలు పొరలుగా పేరుకుని రాయి అయింది. పొరల మధ్య ఉలి పెట్టి కొడితే పలకలు పలకలుగా లేస్తుంది. అమరావతి, నాగార్జునకొండ శిల్పులకు అంత సన్నని పని సాధ్యమైంది ఈ మెత్తని, లేత ఆకుపచ్చ ఛాయ ఉన్న రాయి వల్లే. ఇప్పుడు సిమెంటు కర్మాగారాలు నడుస్తున్నది కూడా దీని మీదే.

విప్పడానికి ఒక వరస, కట్టడానికి ఒక వరస

ఒక కట్టడాన్ని కదపడం ఇల్లు ఖాళీ చేసినట్టు కాదు. ముందు ప్రతి రాయినీ ఉన్నచోటే కొలిచి బొమ్మ గీయాలి, ఫొటో తీయాలి, దానికొక గుర్తు రాయాలి. ఏ పక్క, ఎన్నో వరస, ఎన్నో రాయి అన్నది ఆ గుర్తులో ఉండాలి. గుర్తు రాయకుండా తీసిన రాయి ఇక రాయే, దానికి చోటు ఉండదు.

విప్పేటప్పుడు పైనుంచి కిందికి రావాలి. కట్టేటప్పుడు కిందినుంచి పైకి పోవాలి. అంటే చివర తీసినది మొదట పెట్టాలి. గడ్డివాము విప్పేవాడికీ, పత్తి బోరాలు లారీకి ఎత్తి దించేవాడికీ ఇది చెప్పక్కర్లేదు. ఇటుకలతో ఇంకో చిక్కు ఉంది. పదిహేడు వందల ఏళ్లు నేలలో ఉన్న ఇటుక కొన్నిచోట్ల పట్టుకోగానే చిట్లుతుంది. దాని చోటు కొత్త ఇటుకతో నింపాలి. నింపినా, ఏది పాతదో ఏది కొత్తదో చూసేవాడికి తెలియాలి. తెలియకపోతే అది మరమ్మతు కాదు, నటన అవుతుంది.

అన్నిటికంటే కష్టమైనది మట్టం. కొత్త చోట పునాది ఒక పక్క అంగుళం కుంగినా మెట్ల వరసలు విరుగుతాయి, నీరు కాలువ వైపు కాకుండా మూలకు పోతుంది. నల్లరేగడి నేలలో ఇల్లు కట్టుకున్నవాళ్లకు ఈ బాధ తెలుసు. ఆ మట్టిలోని సన్నని బంకరేణువులు నీరు తాగి ఉబ్బుతాయి, ఎండకు ముడుచుకుంటాయి. వానాకాలంలో గోడను పైకి తోస్తాయి, ఎండాకాలంలో చెయ్యి పెట్టేంత నెర్రెలిచ్చి వదిలేస్తాయి. పాత కట్టడానికి కొత్త స్థలం ఎంచుకోవడమంటే చూపుకి అందమైన చోటు ఎంచుకోవడం కాదు, కదలని నేలను ఎంచుకోవడం.

ఇలా తొమ్మిది ముఖ్యమైన కట్టడాలను నాగార్జునకొండ నెత్తి మీద తిరిగి కట్టారు. మరో 14 కట్టడాలకు నమూనాలు చేశారు. కొండ మీద మ్యూజియం 1966లో తెరుచుకుంది. నీరు నిండాక ఆ కొండే ద్వీపమైంది. ఒకప్పుడు లోయలో నిలబడి తలెత్తి చూసిన కొండకు ఇప్పుడు లాంచీలో వెళుతున్నాం. నది ఒడ్డున ఉండవలసిన స్నానఘట్టం మెట్లు కూడా ఆ కొండ మీదే ఉన్నాయి. ఆటస్థలాన్నీ, హారీతి గుడినీ, భిక్షువులు చదువుకున్న విహారాన్నీ మాత్రం కుడి గట్టున అనుపులో నిలబెట్టారు. జనం ఆ విహారాన్ని విశ్వవిద్యాలయం అంటారు.

వెంట తేలేనిది

ఎంత జాగ్రత్తగా విప్పినా వెంట రానివి కొన్ని ఉంటాయి. మట్టి పొరలు రావు. ఏ పొరలో ఏ కుండపెంకు దొరికిందో, దాని కింద ఏ బూడిద ఉందో, ఆ సంబంధం తవ్వగానే చెరిగిపోతుంది. అది మిగిలేది నోటు పుస్తకంలోనూ, గీసిన బొమ్మలోనూ మాత్రమే. అందుకే తవ్వకం నివేదిక రాయడం తవ్వడమంత పని. నాగార్జునకొండ తవ్వకాల నివేదికలో మొదటి సంపుటం 1975లో, రెండోది 2006లో వెలువడ్డాయి. ఆరేళ్లు తవ్వినదాన్ని చెప్పడానికి దాదాపు అర్ధశతాబ్దం పట్టింది.

చోటు కూడా రాదు. 1964లో వెనిస్‌లో ప్రపంచ నిపుణులు రాసుకున్న ఒడంబడికలో ఒక నియమం ఉంది: కట్టడాన్ని దాని చరిత్ర నుంచీ, అది ఉన్న చోటు నుంచీ విడదీయకూడదు. కదపకపోతే అది దక్కదన్నప్పుడు కదపొచ్చు. మనవాళ్లు ఆ నియమం పుట్టకముందే దాని ప్రకారం నడిచారు. అబూ సింబెల్‌లో కొండను వెయ్యికి పైగా దిమ్మెలుగా కోసి 65 మీటర్ల పైకి ఎత్తారు. శ్రీశైలం జలాశయం వచ్చినప్పుడు కృష్ణా తుంగభద్రల సంగమంలో కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని విప్పి అలంపురంలో నిలబెట్టారు. మూడు చోట్లా రాయి దక్కింది, నేల దక్కలేదు.

మనుషులకూ ఇదే వర్తిస్తుంది. లోయలో పుల్లారెడ్డిగూడెం అనే ఊరుండేది. జలాశయం కింద మునిగిన మిగతా ఊళ్లతో పాటు అదీ పోయింది. ఆ జనానికి వేరేచోట ఇళ్లు వచ్చి ఉండొచ్చు. వాళ్ల దిగుడుబావి, వాళ్ల రచ్చచెట్టు, వాళ్ల పిల్లలు గోళీలాడిన చోటు ఏ మ్యూజియంలోనూ లేవు. రాజుల ఆటస్థలం ఎత్తుకెళ్లాం. ఆ పిల్లల ఆటస్థలం గురించి ఎవరూ కొలత రాసుకోలేదు. మన చేలకు పారే నీటి ఖరీదులో అది కూడా ఉంది.

మెట్ల మీద కూర్చుని విందాం

అనుపుకి ఎప్పుడైనా వెళితే నడిమి నేలలో నిలబడి ఒకసారి చప్పట్లు కొట్టండి. తరువాత పై మెట్టు మీద కూర్చుని, కింద ఎవరైనా మామూలు గొంతుతో మాట్లాడితే వినండి.

గొంతు నుంచి బయలుదేరిన శబ్దం అన్ని దిక్కులకీ పరుచుకుంటుంది. దూరం రెట్టింపు అయిన ప్రతిసారీ దాని బలం ఆరు డెసిబెల్స్ తగ్గుతుంది. చదునైన నేల మీద జనం గుమిగూడితే ఇంకా నష్టం, ముందువాళ్ల తలలూ బట్టలూ శబ్దాన్ని తాగేస్తాయి. తిరునాళ్లలో వెనక నిలబడ్డవాడికి హరికథ వినపడకపోవడం దీనివల్లే. మెట్ల మీద కూర్చుంటే ప్రతివాడి చెవీ ముందువాడి తల మీదుగా ఉంటుంది. శబ్దానికి అడ్డం లేదు, చూపుకీ అడ్డం లేదు. పైగా రాతినేల కొంత శబ్దాన్ని తిప్పి పంపుతుంది.

గ్రీసు దేశంలో ఎపిడారస్ నాటకశాల గురించి 2007లో అమెరికాలోని జార్జియా టెక్ పరిశోధకులు ఒక ఆసక్తికరమైన సంగతి చూపించారు. అక్కడి సున్నపురాతి మెట్ల వరసలు జనం గుసగుసలు, గాలి చప్పుడు వంటి మంద్రమైన శబ్దాలను అణచి, మాటలోని పై స్థాయి శబ్దాలను పోనిస్తాయట. మెట్ల వరస ఒక జల్లెడలా పనిచేస్తుందన్నమాట. మన కట్టడం దానికంటే చాలా చిన్నది, ఆకారం వేరు. కానీ వరుసగా పేర్చిన రాతిమెట్లు శబ్దాన్ని ఊరికే వదలవన్న సత్యం రెండు చోట్లా ఒకటే. అందుకే ఒక్క వరస వంకరగా కట్టినా నష్టం కంటికే కాదు, చెవికి కూడా. ఆటస్థలాన్ని పునరుద్ధరించడం అంటే ఆ వినికిడిని కూడా పునరుద్ధరించడం.

మళ్లీ నీరే

ముంపు నుంచి తప్పించుకున్న రాయికి నీరు ఇప్పటికీ శత్రువే. వాన చినుకు గాలిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకుని కాస్త పులుపెక్కి పడుతుంది. సున్నపురాయికి పులుపంటే పడదు. నిమ్మరసం చుక్క వేస్తే నాపరాయి మీద మచ్చ పడుతుంది చూడండి, అదే పని వాన చాలా నెమ్మదిగా చేస్తుంది. నిలిచిన నీరు ఇటుకలోకి ఎక్కి, ఆరేటప్పుడు ఉప్పును లోపల వదులుతుంది. ఆ ఉప్పు గడ్డకట్టి పెరిగి ఇటుక చర్మాన్ని పొట్టు పొట్టుగా రాలుస్తుంది. సందులో పడిన రావి విత్తనం మొదట దారం లాంటి వేరు దింపుతుంది. కొన్నేళ్లకు అది మణికట్టంత అయి రాళ్లను విడదీస్తుంది.

వీటిని ఆపడానికి కావలసింది గొప్ప యంత్రాలు కాదు. ఏటా తొలకరికి ముందు కాలువ పూడిక తీయడం, మొక్క చిన్నగా ఉన్నప్పుడే పీకడం, కదిలిన రాయిని అదే రోజు సరిచేయడం. 1923లో జాన్ మార్షల్ పురావస్తు శాఖ కోసం రాసిన సంరక్షణ గ్రంథం మొదలుకొని ఈనాటి దాకా ఈ శాస్త్రం చెప్పేది, పెద్ద మరమ్మతు కంటే చిన్న శ్రద్ధ మేలని. సందులు నింపడానికి సిమెంటు వాడితే అది పాత ఇటుక కంటే గట్టిది. ఎండకు రెండూ ఒకేలా సాగవు, తడి బయటికి పోయే దారి మూసుకుపోతుంది, చివరికి పగిలేది పాత ఇటుకే. మన తాతలు వాడిన గానుగ సున్నం మెత్తగా ఉండి ఊపిరి పీల్చుకుంటుంది. ఏదైనా విరగవలసి వస్తే ముందు సున్నం విరుగుతుంది, ఇటుక బతుకుతుంది. మెత్తగా ఉండటం కూడా ఒక బలమే.

కాలువ మొదలయ్యే చోట

1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ సాగర్ కాలువలకు నీళ్లు వదిలారు. కుడికాలువ గుంటూరు దాటి ప్రకాశం మెట్టల దాకా పారింది. జొన్నచేను మాగాణి అయింది, మెట్టలో ఆరుతడికి పత్తి, మిరప వచ్చాయి. గుంటూరు మిర్చి యార్డుకు ఇన్ని బస్తాలు రావడంలో ఆ నీటి వాటా ఉంది. తూము దగ్గర వంతు కోసం రాత్రంతా మేలుకున్న రైతుకు ఆ నీరు ఎన్ని కిలోమీటర్లు నడిచి వచ్చిందో తెలుసు. అది దేని మీద నిలబడి వచ్చిందో మాత్రం మన పిల్లలకు చెప్పలేదు.

మాచర్ల నుంచి సాగర్‌కి వెళ్లే బడి విహారయాత్రల్లో పిల్లలు గేట్లు చూస్తారు, లాంచీ ఎక్కుతారు, ఫొటోలు దిగుతారు. వాళ్లను అనుపుకి కూడా తీసుకెళదాం. పంతులుగారు ఒక్క టేపు వెంట తెచ్చుకుంటే చాలు. ఆ నేలను పిల్లలే కొలవాలి. 54 అడుగులు, 45 అడుగులు వాళ్ల నోటితోనే పైకి చదవాలి. వాన నీరు ఎటు పోతుందో సీసాలో నీళ్లు పోసి చూడాలి. ఒకరు మధ్యలో నిలబడి చదివితే మిగతావాళ్లు మెట్ల మీద కూర్చుని వినాలి. కొలిచిన పిల్లకు ఆ చోటు మరుపు రాదు. కొలత గుర్తున్న చోటును ఎవరూ తేలిగ్గా పాడుకానివ్వరు.

అక్కడి నుంచి తిరిగి వస్తుంటే కుడికాలువ మొదలు కనిపిస్తుంది. గేట్ల కింద నుంచి నీరు వడిగా దూకి మలుపు తిరిగి మన చేల వైపు సాగుతుంది. బస్సు అక్కడ ఒక్క నిమిషం ఆపమని అడుగుతాను. విజయపురి మీద నిలిచిన నీరు అది. రేపో ఎల్లుండో మన ఊరి తూము దగ్గర ఉంటుంది.